పాత పద్మినికి కొత్త షాక్ అబ్జార్బర్లు: రెండు తప్పుడు జతలు, ఒక మంచి దుకాణం

మా నాన్నగారు 1984లో కొన్న ప్రీమియర్ పద్మిని కారు ఇప్పటికీ నెల్లూరు వేదాయపాళెంలోని మా ఇంటి పక్క రేకుల షెడ్డులో ఉంది. రోజూ బయటికి తీయను గానీ, ఆదివారం పూట ఊళ్లో ఒక చుట్టు, ఏటా వైశాఖంలో పెంచలకోన నరసింహస్వామి బ్రహ్మోత్సవాలకు అమ్మను తీసుకుని ఒక ప్రయాణం తప్పనిసరి. కిందటి ఏడాది ఆ ప్రయాణంలోనే, పొదలకూరు దాటిన తరువాత ఒక కల్వర్టు మీద రోడ్డు కుంగిన చోట, కారు వెనక భాగం లేచి, దిగి, మళ్లీ లేచి, మళ్లీ దిగి, నాలుగో ఊపుకు గానీ కుదుటపడలేదు. వెనక సీట్లో ఉన్న అమ్మ పూజ సామాన్ల సంచి వదిలేసి రెండు చేతులతో ముందు సీటు పట్టుకుని, "కారెక్కినానా, పడవెక్కినానా?" అన్నది. షాక్ అబ్జార్బర్లు మార్చక తప్పదని ఆ రోజే తేలిపోయింది. మార్చడానికి మాత్రం ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలల్లో రెండు జతలు డబ్బు పోసి కొని, మూలన పడేశాను.

ఈ సమీక్ష అప్పుడు నేను చూసిన సరుకు గురించీ, చివరికి సరైన వస్తువు చేతికిచ్చిన నెల్లూరులోని ఒక స్పేరు పార్టుల దుకాణం గురించీ. పెట్టెల మీది పేర్లు కావాలనే రాయడం లేదు. తయారీ ఎప్పుడో ఆగిపోయిన కారుకు దొరికే సరుకు ఈ నెల ఒక రకంగా, వచ్చే నెల ఇంకో రకంగా ఉంటుంది. ఒకే పేరున్న రెండు పెట్టెల్లో రెండు వేర్వేరు పొడవుల షాక్ అబ్జార్బర్లు నా చేతికే వచ్చాయి కాబట్టి, ఏ పేరు కొనాలో చెప్పడం కంటే ఏది చూసి కొనాలో చెప్పడమే పాత కారున్న వారికి ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

పద్మిని మూలం ఇటలీవారి ఫియట్ 1100. బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ కర్మాగారంలో మొదట ఫియట్ 1100 డిలైట్‌గా తయారై, 1970లలో పద్మిని అనే పేరు పెట్టుకుని, 2001 నాటికి ఆగిపోయింది. 1089 సీసీ ఇంజను, స్టీరింగు పక్కనే గేరు కర్ర, ముందు చక్రాలకు కాయిల్ స్ప్రింగులు, వెనక ఇరుసుకు కమాను కట్టలు (లీఫ్ స్ప్రింగులు), నాలుగు మూలలా గొట్టం రకం షాక్ అబ్జార్బర్లు. తయారీ ఆగినా ఈ కారు విడిభాగాలకు చాలాకాలం లోటు రాకపోవడానికి ముంబయి నలుపు-పసుపు టాక్సీలే కారణం. 2023 అక్టోబరులో ఆ ఊళ్లో చివరి పద్మిని టాక్సీ కూడా రోడ్డు దిగింది. ఆ తరువాత నేను తిరిగిన దుకాణాల్లో "ఉంది" అనే మాట తగ్గి, "ఇది కూడా పడుద్ది" అనే మాట పెరిగింది. నా రెండు తప్పుడు కొనుగోళ్లలో ఒకటి ఈ రెండో మాట నమ్మి చేసినదే.

కొనుగోలు సంగతికి ముందు షాక్ అబ్జార్బరు అసలు చేసే పని గురించి ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే మా వీధిలో కారున్న పదిమందిలో ఎనిమిదిమంది దాన్ని తప్పుగానే అర్థం చేసుకున్నారు. కారు బరువు మోసేది షాక్ అబ్జార్బరు కాదు. బరువు మోసేవి స్ప్రింగులు, కమాన్లు. గుంతలో పడినప్పుడు నొక్కుకుపోయిన స్ప్రింగు తిరిగి లేచి, లేచిన ఊపులో ఇంకా పైకి పోయి, అలా ఊగుతూనే ఉండాలని చూస్తుంది. ఆ ఊపును పట్టి ఆపేది మాత్రమే షాక్ అబ్జార్బరు. గొట్టంలో నూనె, దానిలో సన్నని బెజ్జాలున్న పిస్టను, పిస్టనుకు ఒక ఉక్కు రాడ్డు. రాడ్డు కదిలినప్పుడల్లా నూనె ఆ బెజ్జాల గుండా, వాల్వుల గుండా దూరి పోవాలి, దూరడానికి అది పెట్టే పేచీయే మనకు కావలసిన నిగ్రహం. కార్ల షాక్ అబ్జార్బర్లలో సాధారణంగా రాడ్డు లోపలికి పోవడం సులువుగా, బయటికి రావడం అంతకు రెండు మూడు రెట్లు కష్టంగా ఉండేలా వాల్వులు అమర్చుతారు. చక్రం గట్టు ఎక్కేటప్పుడు దాన్ని పైకి పోనివ్వాలి, స్ప్రింగు తిరిగి విచ్చుకునేటప్పుడు పట్టి నెమ్మదిగా వదలాలి. అందువల్ల "గట్టిగా ఉంటే మంచి షాక్" అన్న మాట సగమే నిజం. ఏ వైపు కదలికలో గట్టిగా ఉన్నదీ, ఎంత బరువున్న కారుకు గట్టిగా ఉన్నదీ చూడకుండా గట్టితనం మెచ్చుకోవడం, కూరలో ఉప్పు ఎంత ఎక్కువైతే అంత రుచి అనడం లాంటిది.

పాతవి పోయాయో లేదో తెలుసుకోవడానికి బంపరు నొక్కి వదిలి చూడటం అందరూ చేసే పరీక్షే. పూర్తిగా చచ్చిపోయిన వాటిని అది పట్టిస్తుంది గానీ, సగం పోయిన వాటిని పట్టించదు. నాకు ఎక్కువ పనికొచ్చిన పరీక్ష ఆటోనగర్‌లోని ఒక ముసలి మేస్త్రీ నేర్పినది. విప్పిన షాక్ అబ్జార్బరు రాడ్డును పూర్తిగా బయటికి లాగి, గుడ్డతో తుడిచి, దాని వెంట పైనుంచి కిందికి గోరు నడిపించాలి. మా కారు ముందు జత రాడ్ల మీద, ఒక్కొక్కదానికి మూడు నాలుగు చోట్ల గోరు టక్కుమని తగిలింది. కంటికి గసగసాలంత తుప్పు చుక్కలు కనిపించాయి. మైపాడు బీచికి పోయి వచ్చిన ప్రతిసారీ కారు కింద నీళ్లు కొట్టి కడగకపోవడం వల్ల ఉప్పుగాలి చేసిన పని అది. అలాంటి రాడ్డుకు, నూనె కారకుండా చుట్టూ పట్టి ఉండే రబ్బరు సీలు ఎంత కొత్తది వేసినా, ఆ చుక్కలు దాని అంచును రంపంలా కోసేస్తాయి కాబట్టి, ముందు జతను బాగుచేయించడం దండగ అని అక్కడికక్కడే తేలిపోయింది. వెనక జత రాడ్లు మాత్రం అద్దంలా ఉన్నాయి. నూనె కారిపోయిందే తప్ప ఉక్కు చెడలేదు. ఈ తేడా చివరికి నాకు డబ్బు మిగిల్చింది గానీ, దాన్ని ఉపయోగించుకునే తెలివి నాకు అప్పటికి రాలేదు.

షాక్ అబ్జార్బర్ల మీద నేరం మోపే ముందు ఇంకో రెండు చూసుకోవలసింది. ఒకటి టైర్లలో గాలి. పెట్రోలు బంకు కుర్రాడు అన్ని కార్లకూ కొట్టినట్టే మా చిన్న కారుకూ 35 కొడుతున్నాడని నేను ఏనాడూ గమనించలేదు. కారు యజమాని పుస్తకంలో ఉన్నంతకు తగ్గిస్తే కుదుపులో కొంత పైసా ఖర్చు లేకుండానే పోయింది. రెండోది కమాను కట్టలు. నలభై ఏళ్లు బరువు మోసి మా కారు వెనక కమాన్లు వంపు పోయి చదునుగా కూర్చున్నాయి. వాటిని కొలిమిలో కాచి మళ్లీ వంపు కొట్టించిన తరువాతే వెనక వైపు అసలు ఎత్తు ఎంతో తెలిసింది. దిగిపోయిన కమాన్ల మీద కొలిచి కొన్న షాక్ అబ్జార్బరు, కమాన్లు బాగుచేయించాక పొట్టిదవుతుంది.

మొదటి తప్పుడు జత చెన్నైలో కొన్నది. వాడని పాత సరుకు, పెట్టె కూడా విప్పలేదు అని ఆ వ్యాపారి చూపించినప్పుడు నిజంగానే సంతోషం వేసింది. పసుపు రంగు అట్టపెట్టె, లోపల మైనపు కాగితం, దాని లోపల మచ్చలేని షాక్ అబ్జార్బరు. 4,200 రూపాయలు పోసి నాలుగూ కాదు, రెండే తెచ్చుకుని ముందు వైపు బిగించాను. మొదటి వారం కారు హాయిగా నడిచింది. మూడో వారం షెడ్డు గచ్చు మీద ముందు చక్రాల పక్కన రెండు నూనె మరకలు పడ్డాయి. పాతికేళ్లు అరలో పడుకోబెట్టి ఉంచిన వస్తువు అది. కదలకుండా ఒకేచోట నొక్కుకుని ఉన్న సీలు రబ్బరు గట్టిపడి, రాడ్డు మళ్లీ పనిలో పడగానే పట్టు వదిలేసింది. వాడని వస్తువు వేరు, కొత్త వస్తువు వేరు అన్న సంగతి రబ్బరున్న ఏ సరుకు విషయంలోనైనా గుర్తుంచుకోవాలి. ఇప్పుడు నేను పెట్టె మీద ధర కంటే ముందు తయారైన నెల, సంవత్సరం చూస్తున్నాను. తిరిగి తీసుకోమని ఫోన్ చేస్తే ఆ వ్యాపారి, "పాత సరుకుకు గ్యారంటీ ఉంటుందా సార్?" అని నన్నే అడిగాడు. ప్రశ్న సబబైనదే. కొనక ముందు నేను అడగవలసింది.

రెండోది ఫోన్‌లో చూసి తెప్పించుకున్నది. కారు పేర్ల పట్టికలో పద్మిని అని స్పష్టంగా ఉంది, ధర 3,100. వెనక వైపు బిగించేటప్పుడు బోల్టు పట్టడానికి మా మెకానిక్కు ఇరుసును జాకీతో పైకి ఎత్తవలసి వచ్చినప్పుడే అనుమానపడి ఉండాలి. దాన్ని పూర్తిగా లాగి పాతదాని పక్కన పెట్టి చూసి ఉంటే రెండు సెంటీమీటర్లు పొట్టి అని తెలిసేది. తెలుసుకున్నది మాత్రం రోడ్డు మీద. స్పీడు బ్రేకరు ఎక్కేటప్పుడు ఏమీ లేదు, దిగి చక్రం కిందికి జారినప్పుడు సీటు కింద సుత్తితో కొట్టినట్టు ఒక టక్కు. చక్రం ఇంకా దిగవలసి ఉండగానే రాడ్డు ఆఖరికి వచ్చి పిస్టను గొట్టం మూతకు కొట్టుకుంటోంది. అంటే ఇరుసు మొత్తం బరువూ ఆ క్షణంలో ఆ రెండు బోల్టుల మీద వేలాడుతోంది. తొమ్మిది రోజులకు విప్పి చూస్తే పై బుష్షు, అంటే బోల్టు చుట్టూ ఉండే రబ్బరు తొడుగు, సగానికి చీలింది. ఇంకో నెల నడిపి ఉంటే చీలేది రబ్బరు కాదు, బాడీ రేకు. దీనికి ఎదురు సమస్య కూడా ఉంది. పొడవు ఎక్కువైన షాక్ అబ్జార్బరు బరువు వేసినప్పుడు, కమానును ఇంకా పైకి పోకుండా ఆపే రబ్బరు దిమ్మకు అది ఆనక ముందే తాను మూసుకుపోతుంది. అప్పుడు దెబ్బ తినేది అడుగునున్న వాల్వు. పొట్టిదైతే చప్పుడు చేసి చెబుతుంది, పొడుగుదైతే చెప్పకుండా చస్తుంది.

ఈ దశలో ఒంగోలులో ఉన్న నా మిత్రుడు, పాత అంబాసిడర్ యజమాని, గ్యాసు రకం వేసుకోమని పట్టుబట్టాడు. ఆయన కారులో ఒంగోలు నుంచి చీమకుర్తి దాకా, గ్రానైటు లారీల వెనక, ఒకసారి పోయి వచ్చాను. కారు రోడ్డును పట్టుకున్న తీరు మెచ్చుకోదగ్గదే. ఎంత ఎగుడుదిగుడు వచ్చినా రెండో ఊపు లేదు. కానీ రోడ్డు మీద అతుకు వేసిన ప్రతి గుంతా వీపుకు తెలిసింది. మామూలు రకంలో గొట్టంలో నూనెతో పాటు పైన కొంత గాలి కూడా ఉంటుంది, అధ్వాన్నమైన రోడ్డు మీద అదే పనిగా ఊగితే గాలీ నూనే కలిసి నురగ కడతాయి, నురగ కట్టిన నూనె పిస్టనును ఆపలేదు. గాలి బదులు తక్కువ ఒత్తిడిలో నైట్రోజన్ నింపితే నురగ తగ్గుతుంది, ఇది గొట్టంలో గొట్టం ఉండే జంట గొట్టాల గ్యాసు రకం. ఫ్రెంచి ఇంజనీరు ద కార్బన్ రూపొందించగా 1950లలో జర్మనీలోని బిల్‌స్టైన్ సంస్థ తయారీకి తెచ్చిన ఒంటి గొట్టం రకంలో నూనెకూ గ్యాసుకూ మధ్య ఇంకో పిస్టనే అడ్డంగా ఉంటుంది, గ్యాసు ఒత్తిడి కూడా ఎన్నో రెట్లు ఎక్కువ. ఏ రకమైనా లోపలి గ్యాసు రాడ్డును ఎప్పుడూ బయటికి నెడుతూనే ఉంటుంది. పెట్టెలో వచ్చినప్పుడు రాడ్డుకు కట్టిన పట్టీ తెంపగానే అది దానంతట అదే లేచిందంటే గ్యాసు రకమని గుర్తు.

అంబాసిడర్ ముందు వైపు కాయిల్ స్ప్రింగులు ఉండవు, టార్షన్ బార్లు, అంటే మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలు ఉంటాయి, బండి కూడా మా దానికంటే బరువు. దానికి ఆయన చెప్పింది సరిపోవచ్చు. మా కారు బరువు సుమారు 900 కిలోలు, దాని షాక్ అబ్జార్బర్ల బోల్టులు దిగిన రేకులకు నలభై ఏళ్లు. మెత్తని స్ప్రింగుల కోసం రూపొందిన కారుకు గట్టి షాక్ అబ్జార్బరు బిగిస్తే స్ప్రింగు చేయవలసిన పని చేయలేదు, దెబ్బ నేరుగా బాడీకి పోతుంది. కారు వేగానికి ఇది ఒప్పవచ్చునేమో, అమ్మ నడుముకు ఒప్పదు. ఈ మాటే చెబితే, "మెత్తగా కావాలంటే ఊయల కొనుక్కోవోయ్" అని నవ్వాడు మిత్రుడు.

ఇక దుకాణం. ఆత్మకూరు బస్టాండు వైపు ఒక ఇరుకు వీధిలో, ముందు భాగం పన్నెండు అడుగులకు మించని పాత దుకాణం. లోపల మాత్రం రైలు పెట్టెలా వెనక్కి పోతూనే ఉంటుంది. గల్లాపెట్టె దగ్గర యాభై దాటిన యజమాని, మెట్లబల్ల మీద ఒక కుర్రాడు. పద్మినికి నాలుగు షాక్ అబ్జార్బర్లు కావాలన్నాను. యజమాని అరల వైపు తిరగనైనా తిరగలేదు.

"బండి పేరు చెప్తే తీసి ఇచ్చేస్తాననుకోబాకండి సార్. పాతవి తెచ్చినారా?"

తేలేదన్నాను.

"టేపు పెట్టి కొలిచినారా?"

అదీ లేదన్నాను. ఆయన ఒక బిల్లు కాగితం వెనక మూడు గీతలు గీసి, వాటి ఎదుట ఏమేమి రాసుకు రావాలో చెప్పి పంపించేశాడు. కారును చదునైన నేల మీద మామూలు బరువుతో నిలబెట్టినప్పుడు పై బిగింపు నుంచి కింది బిగింపు దాకా ఎంత, బాడీని జాకీ మీద లేపి చక్రం గాలిలో వేలాడుతున్నప్పుడు ఎంత, కమాను రబ్బరు దిమ్మకు పూర్తిగా ఆనినప్పుడు ఎంత. దాంతోపాటు రెండు చివర్లా బిగింపు ఏ రకమో, బోల్టు దూరే కన్ను రకమా, మరలున్న పిన్ను రకమా, కన్నయితే బెజ్జం ఎంత, బోల్టు ఎంత లావు. అమ్మకం జరగని ఆ మొదటి రోజే ఈ దుకాణం మీద నాకు గురి కుదిరింది. అంతకు ముందు తిరిగిన అయిదారు చోట్ల నా డబ్బు తీసుకోవడానికి ఎవరూ టేపు అడగలేదు.

మరుసటి రోజు కొలతలతో పాటు పాతవి నాలుగూ గోతంలో వేసుకుని పోయాను. ఆయన చూసేవి మూడు విషయాలు. కొత్తదాని మూసిన పొడవు, కమాను దిమ్మకు ఆనినప్పటి కొలత కంటే తక్కువ ఉండాలి. తెరిచిన పొడవు, చక్రం వేలాడినప్పటి కొలత కంటే ఎక్కువ ఉండాలి. కారు నిలబడి ఉన్నప్పుడు పిస్టను దాదాపు మధ్యలో ఉండాలి. ముందు వైపుకు రెండు పేర్ల పెట్టెలు తీయించాడు. ఒక పేరువి పక్కన పెట్టేసి రెండో పేరువి ఉంచాడు. తయారై ఏడాది కూడా కాని, గ్యాసు లేని మామూలు జంట గొట్టాల రకం.

పెట్టెలు విప్పాక కుర్రాడు చేసిన పని నేను మెకానిక్కుల దగ్గర కూడా చూడలేదు. షాక్ అబ్జార్బరును నిటారుగా పట్టుకుని, కింది కన్నును తన చెప్పు కింద ఆనించి, రాడ్డును నెమ్మదిగా ఆఖరుదాకా లాగి, నెమ్మదిగా ఆఖరుదాకా నొక్కాడు. మొదటి రెండు సార్లు మధ్యలో ఒక అంగుళం మేర రాడ్డు చేతికి ఏ బరువూ లేకుండా జారిపోయింది, లోపల గుటుక్కుమని చప్పుడు. మూడోసారికి ఆ ఖాళీ సగమైంది. అయిదోసారికి పై నుంచి కిందిదాకా ఒకే తీరుగా, వెన్నలో కత్తి దిగినట్టు దిగింది, లాగేటప్పుడు మాత్రం కుర్రాడి మెడ నరాలు కనిపించాయి. పెట్టెలో అడ్డంగా పడుకున్నప్పుడు లోపలి గొట్టంలోకి చేరిన గాలి అలా బయటికి పోతుంది. ఈ పని చేయకుండా బిగిస్తే మొదటి రోజే "కొత్తవి కూడా పోయినాయి" అని తిట్టుకుంటాం. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒకే బరువుతో ఒకేసారి నొక్కి, రెండూ సమంగా దిగుతున్నాయా అని కూడా చూశాడు. ఇరుసుకు రెండు వైపులా ఒకే జోడు ఉండాలి. ఒకటే పోయింది కదా అని ఒకటే మార్చడం తప్పు.

వెనక వైపుకు ఏముందని అడిగితే ఆయన ఒక పెట్టె తెచ్చి, నా కాగితం మీద కొలత చూసి, మళ్లీ అరలో పెట్టేశాడు. "ఇది పెడితే పడుద్ది సార్, పని మాత్రం చెయ్యదు. మీ పాతవాటికి రాడ్డు బాగుంది. మర మూత రకం. ఆటోనగర్‌లో విప్పేవాళ్లున్నారు, ఆడికి పోండి." అమ్ముకోదగ్గ వస్తువు చేతిలో ఉండగా కొనేవాణ్ణి వేరేచోటికి పంపే వ్యాపారిని చాలా ఏళ్ల తరువాత చూశాను.

గోరు పరీక్ష నేర్పిన మేస్త్రీ దగ్గరికే మళ్లీ వెళ్లాను. ఈ కాలపు షాక్ అబ్జార్బర్ల పై అంచును ఫ్యాక్టరీలోనే మడిచి మూసేస్తారు, విప్పడమంటే కోయడమే. మా వెనక జతకు మాత్రం పైన మర మూత ఉంది. ఆయన రెండు ముక్కులున్న పానాతో మూత తిప్పి, లోపలి నూనెను స్టీలు పళ్లెంలోకి వంచాడు. కాటుక కలిపిన నీళ్లలా పల్చగా, నల్లగా, మాడిన వాసనతో ఉంది. వాల్వు పళ్లేలు కడిగి, కొత్త సీళ్లు వేసి, మోటారుసైకిల్ ముందు ఫోర్కులకు పోసే పదో గ్రేడు నూనె గాజు గ్లాసుతో కొలిచి పోశాడు. తక్కువ పోస్తే గాలి పీలుస్తుంది, ఎక్కువ పోస్తే రాడ్డు దిగడానికి చోటుండదు. ఇంజను ఆయిలు పోస్తే చాలదా అని ఒకాయన పక్కనుంచి అడిగితే, "పోస్తే పొద్దున్నే కర్ర, మధ్యాన్నం నీళ్లు" అన్నాడు. బ్రేక్ ఆయిలు పోసే వాళ్లూ ఉన్నారట. అది ఈ సీళ్ల రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది.

బిగింపులో చెప్పవలసినది ఒక్కటే. కన్ను రకం బుష్షుల బోల్టులను కారు జాకీ మీద ఉండగా వదులుగా వేసి, చక్రాలు నేల మీదికి దించి బరువు పడిన తరువాతే గట్టిగా బిగించాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, దించగానే రబ్బరు మెలిపడి, ఆ మెలికలోనే ఏళ్ల తరబడి ఉండి చీలుతుంది. మేస్త్రీకి ఇది చెప్పబోయి, "అయివోరా, పాఠం బళ్లోనే" అనిపించుకున్నాను. ఆయన అప్పటికే జాకీ దించుతున్నాడు.

ఖర్చు చెబుతాను. ముందు జత 3,400, వెనక జత బాగుచేయడానికి సీళ్లూ నూనే కలిపి 1,800, బిగింపు కూలి 600, మొత్తం 5,800 రూపాయలు. మొదటి రెండు జతలకు నేను పారేసుకున్నది 7,300.

మొదట జొన్నవాడ దాకా పోయి వచ్చాను, అది మంచి రోడ్డే కాబట్టి పెద్దగా తెలియలేదు. ఈ ఏడాది పెంచలకోన ప్రయాణమే అసలు పరీక్ష. మే నెల ఎండలో రోడ్డు కాగి, నూనె పల్చబడి, కిందటి ఏడాది పాతవి పట్టు వదిలింది ఆ ప్రయాణంలోనే. ఈసారి అదే కల్వర్టు మీద గంటకు యాభై కిలోమీటర్ల వేగంతో కావాలనే పోనిచ్చాను. కారు ఒకసారి దిగి, ఒకసారి లేచి, నిలబడింది. అద్దంలో చూస్తే అమ్మ సంచి ఒళ్లోనే పెట్టుకుని ఉంది, చేయి ముందు సీటు మీదికి రాలేదు. తిరుగు ప్రయాణం మధ్యాహ్నం రెండు గంటలకు, ఆ ఎండలోనూ తేడా రాలేదు. మలుపుల్లో కారు ఇదివరకటిలాగే కొంచెం ఒరుగుతుంది. అది ఈ కారు పుట్టు స్వభావం, షాక్ అబ్జార్బర్లతో మాన్పాలని చూడటం నా దృష్టిలో తప్పు.

దుకాణంలో లోపాలు లేకపోలేదు. కారు నిలపడానికి చోటు లేదు, ట్రంకు రోడ్డు దాకా నడవాలి. మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి నాలుగు దాకా తలుపులు మూసి ఉంటాయి, దూరం నుంచి వచ్చేవారు ఇది తెలియక ఎండలో నిలబడతారు. బిల్లు రెండుసార్లు అడిగితే గానీ రాయరు. గ్యారంటీ కాగితం లేదు, నోటి మాటే. పాత బండ్ల వెనక వైపు సరుకు దాదాపు లేనట్టే. యజమాని మాటలపోగు కూడా, ఒక బుష్షు కొనడానికి పోయినా అరగంట పడుతుంది. ఆ అరగంటలో నాకైతే నష్టం జరగలేదు గానీ, తొందరలో ఉన్నవారు ముందే తెలుసుకోవాలి. కావలి, గూడూరు వైపు నుంచి వచ్చేవారు కొలతలు రాసుకుని, పాతవి వెంట తెచ్చుకుంటే రెండోసారి తిరగవలసిన పని ఉండదు.

బిగించి ఇప్పటికి అయిదు నెలలు, సుమారు 2,000 కిలోమీటర్లు. వెనక జత పొడిగా ఉంది. కిందటి ఆదివారం చూస్తే ముందు ఎడమదానిపై, మూత దగ్గర, వేలితో తాకితే తెలిసేంత సన్నని నూనె తడి కనిపించింది. అంత మాత్రపు చెమ్మ మామూలేనని, కిందికి జారి చుక్క కట్టితేనే తీసుకురమ్మని దుకాణదారు ఫోన్‌లో చెప్పాడు. గుడ్డతో తుడిచి, తడి ఎంతవరకు దిగిందో తెలియడానికి గొట్టం చుట్టూ సుద్దముక్కతో ఒక గీత గీసి పెట్టాను.